నీటికుక్కల బండ మీద ముగ్గు

నాకు కోపం ఎక్కువని మా ఆయన వెంకటరామయ్యగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంటారు. అది నిజం కాదు. నా కోపం ఎక్కువ కాదు, తొందర. పాలపొంగులా వస్తుంది, పొయ్యి ఆపేలోపు దిగిపోతుంది. కాకపోతే ఆ పొంగు ఎవరి చేతిమీద పడితే వాళ్ళకి బొబ్బలెక్కుతాయి కదా. ఆ సంగతి నాకు ఇందిరమ్మ వల్ల తెలిసింది.

మాది తెనాలి. ఉద్యోగమంతా హైదరాబాదులోనే, కాలేజీ పిల్లలకి జువాలజీ చెప్పాను. రిటైరయ్యాక కొంపల్లిలో విల్లా కొనుక్కున్నాం. గేటు లోపల అన్నీ ఉన్నాయి, పిచ్చుకలు తప్ప. మా ఆయనకి పేపరూ కాఫీ ఉంటే చాలు, నాకు చాలవు. ఒక కెమెరా కొని, దానికి పొడుగాటి లెన్సు తగిలించి, తెల్లవారకముందే కారు తీసుకుని శామీర్‌పేట వైపు పోవడం అలవాటు చేసుకున్నాను. పెద్ద చెరువు దాటి లోపలికి పోతే ఎర్రగుండ్ల కుంట అని ఒకటుంది. ఒక గట్టున తుమ్మచెట్లు, ఇంకో గట్టున ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు పెద్దపెద్ద రాతిగుండ్లు. ఆ గుండ్ల సందుల్లో నీటికుక్కలు కాపురముంటున్నాయి. హైదరాబాదు పొలిమేరలో నీటికుక్కలా అని మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను, చూసేదాకా.

ఇందిరమ్మతో పరిచయం మొదటిరోజే అయింది, అదీ గొడవతోనే. చీకటి ఇంకా పూర్తిగా విడవలేదు. మూడుకాళ్ళ స్టాండు వేసి కెమెరా బిగిస్తున్నాను. వెనకనుంచి గట్టిగా ఒక గొంతు.

"ఏయ్, ఎవలు నువ్వు? ఎవల్ని అడిగి కొలుస్తున్నవ్?"

తిరిగి చూస్తే, బర్రెలను అదిలించే కర్ర పట్టుకుని, నా ఈడుకి కొంచెం చిన్నదైన మనిషి. చెంగు నడుముకి బిగించి నిలబడింది. ఈ వైపు వాళ్ళకి మూడుకాళ్ళ స్టాండు కనబడితే గుండె గుభేలుమంటుందని నాకప్పుడు తెలీదు. రోడ్డు వచ్చినా, ఫ్యాక్టరీ వచ్చినా, భూమి పోయినా ముందు వచ్చేది సర్వేవాళ్ళ ఆ స్టాండేనట.

"కొలవడానికి కాదండీ. నీటికుక్కల్ని ఫోటో తీద్దామని."

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. "మా గల్లీల కుక్కలు మస్తున్నయి. గా కుక్కలకు లేని ఫోటో నీళ్ళల్ల కుక్కలకెందుకు?" అని, తన మాటకి తనే పకపకా నవ్వి, నేను నిజం చెబుతున్నానో లేదో చూద్దామని అక్కడే బండమీద చతికిలబడింది.

అంతే, ఇంక లేవలేదు. మొదట నీళ్ళ మీద సన్నటి ఈల వినబడింది. తర్వాత చదునైన తలలు, ఒకటి వెనక ఒకటి. పెద్దది ఒక చేపని పట్టుకుని గట్టెక్కి, రెండు చేతులతో మొక్కజొన్న కంకిలా పట్టుకుని తలవైపు నుంచి కొరకడం మొదలుపెట్టింది. "అగో! అగో అక్కా! చేతులు జూడు, మన చేతులోలెనే ఉన్నయి!" అని ఇందిరమ్మ నా భుజం పట్టి ఊపేసింది. ఆ రోజు తీసిన ఫోటోలన్నీ ఊగిపోయి ఉన్నాయి.

ఆ కుంట పక్క భూమి వాళ్ళదే. భర్త నరసింహ ఒకప్పుడు సర్పంచి, ఇప్పుడు ప్లాట్లు. డూప్లెక్స్ ఇల్లు కట్టించాడు, మెట్లకి గ్రానైటు, గేటుకి బంగారు రంగు. కానీ గేటు ముందు ఒక బారు నేల మాత్రం సిమెంటు వెయ్యనివ్వలేదు ఇందిరమ్మ. ఎందుకంటే, పొద్దు పొడవకముందు ఆవిడ చేత్తో అక్కడ సాన్పి పడాలి. పేడనీళ్ళు చల్లడాన్ని మేం కళ్ళాపి అంటాం, వాళ్ళు సాన్పి అంటారు. సాన్పి చల్లి ముగ్గేస్తే గానీ ఆవిడకి తెల్లవారినట్టు కాదు. ఆ పని ముగించుకుని చెంగుకి చేతులు తుడుచుకుంటూ రోజూ నా పక్కకొచ్చి కూర్చునేది. చలికాలమంతా అలా గడిచిపోయింది. 'గారు' వద్దంది, 'మీరు' వద్దంది. "అక్క అన్నంక ఇగ గవన్ని ఎందుకు" అంది. నాకు ఆ పొద్దుల్లో ఫోటోలు ఎంత ఇష్టమో, పక్కన ఆవిడ గుసగుసలు కూడా అంతే ఇష్టమయ్యాయి. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

ఆవిడకి ఒకటే బాధ. గుండ్ల ముందు నీళ్ళంచున చదునైన బండ ఒకటుంది. పొద్దున్నే నీటికుక్కలు నీళ్ళలోంచి ఎక్కేది దానిమీదికే. ఎక్కడం, తోకలెత్తడం, వెనక కాళ్ళతో తొక్కుకుంటూ అందరూ అక్కడే కానిచ్చేయడం. చేపపొలుసులు, ఎండ్రకాయ డొప్పలు, పైగా ఆ కంపు! ఇందిరమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకునేది.

"ఛీ, గంత మంచిగ మొకాలు గడుక్కునే జీవాలు, గా బండను గింత గలీజు జేసుకుంటయేందక్కా?"

"వాటి అలవాటంతే. గట్టిగా మాట్లాడకు ఇందిరా, బెదిరిపోతాయి" అనేదాన్ని.

మాఘమాసంలో వాటికి పిల్లలు పుట్టాయి. గుండ్ల సందులోంచి కీచుకీచుమని వినబడేవి గానీ బయటికి రాలేదు. సరిగ్గా అప్పుడే గట్టు మీద ఒక బోర్డు పాతారు. కుంట చుట్టూ నడకదారి వేస్తారట, రాతి కట్టుబడి కడతారట. మంచిదే, ఎవరొద్దన్నారు? కానీ దారికి అడ్డమొచ్చే గుండ్లని మిషను పెట్టి పగలగొట్టడంతోనే పని మొదలవుతుందట. పిల్లలు ఉన్నది ఆ గుండ్ల కిందే.

ఫోటోలన్నీ పట్టుకుని ఆ పని చూసే ఇంజనీరు రాజారావు దగ్గరికి పోయాను. చిన్నవాడే, మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. ఫోటోలు నమ్మే రోజులు పోయినయి. మొన్న మా గ్రూపుల దుండిగల్ కాడ రోడ్డు మీద పులి తిరుగుతాందని ఫోటో పెట్టిన్రు. మా ఇంటామె పిల్లల్ని బడికి పంపలే. తీరా జూస్తే కంప్యూటర్ జేసిన పులి. మీ ఫోటోల్ల నీళ్ళున్నయి, జంతువున్నది. గది ఎర్రగుండ్ల కుంటనే అని ఏముంది?"

నాకు ముక్కుమీదికి వచ్చింది గానీ, అతను చెప్పినదాంట్లో తప్పేముంది? కెమెరాని దగ్గరికి లాగి లాగి తీశాను, వెనక ఒక గుండు కూడా పూర్తిగా పడలేదు.

"అయితే మీరే వచ్చి చూడండి."

అతను ఫోటోలు పక్కన పెట్టాడు. "సరే. రేపు పొద్దుగాల వస్త. నా కండ్లతోని జూస్తే, దారిని తుమ్మల కాడ్నే ఆపి వెనక్కి మళ్ళిస్త. కనవడకపోతే మాత్రం సోమవారం మిషను దిగుతది. నన్ను మళ్ళ అడగొద్దు."

ఆ సాయంత్రం ఇందిరమ్మకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "రేపు వాటికి పెళ్ళిచూపులనుకో ఇందిరా. వచ్చేవాడికి నచ్చితేనే ఇల్లు నిలబడుతుంది" అన్నాను, సరదాకి.

"గట్లనా అక్కా! నువ్వేం ఫికర్ జెయ్యకు. నేనున్న గదా" అంది.

పెళ్ళిచూపులకి మనుషులొస్తున్నారంటే ఏ ఇల్లాలైనా ఏం చేస్తుంది? ఆ ఆలోచన నాకెందుకు రాలేదో!

మర్నాడు నేను వెళ్ళేసరికి ఇందిరమ్మ పట్టంచు చీర కట్టుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, మొహమంతా వెలుగుతూ ఎదురొచ్చింది. "జూడక్కా" అని చెయ్యి చాపింది. చూశాను. ఆ చదునైన బండ మెరిసిపోతోంది. ఇటుకపొడి వేసి తోమి, బిందెలకొద్దీ నీళ్ళు పోసి కడిగి, సాన్పి చల్లి, గడపకి పూసినట్టు ఎర్రమట్టి జాజు పూసి, దానిమీద తడి సున్నంతో ఎనిమిది రేకుల పద్మం వేసింది. రేకు రేకుకీ మధ్య చుక్క కూడా మర్చిపోలేదు.

పాలు పొంగాయి.

"ఏం చేశారండీ మీరు! ఎవరు చెయ్యమన్నారు? బండ కనబడితే చాలు, చీపురు పట్టుకుని దిగిపోవడమేనా? ఇంక అవి ఎందుకొస్తాయి? మొత్తం నాశనం చేశారు. మీలాంటివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ!"

కోపమొస్తే నాకు 'మీరు' వస్తుంది. ఇందిరమ్మ మొహంలో వెలుగు ఉన్నపళంగా ఆరిపోయింది.

"నా చేతుల చీపురున్నది నిజమే అక్కా" అంది మెల్లగా. "నీ నోట్లె ఏమున్నదో సూస్కో."

అంతలో బండి ఆపుకుని రాజారావు మసకచీకట్లో తడుముకుంటూ దిగొచ్చాడు. "గిక్కడ్నేనా మేడం?" అంటూ నీళ్ళంచుకి పోయి, సరాసరి ఆ తడి ముగ్గు మీద కాలు పెట్టాడు. "అయ్యో సారూ, ముగ్గు!" అని ఇందిరమ్మ అరిచింది. అతను ఉలిక్కిపడి వెనక్కి దూకాడు. ఒక రేకు మీద బూటు అచ్చు పడింది. మామూలుగా అయితే ఇందిరమ్మ చెరిగిన రేకుని దిద్దకుండా ఉండగలదా? సున్నం గిన్నె పక్కనే ఉంది. ఒకసారి ముగ్గు వంక చూసింది, ఒకసారి నా వంక చూసింది. గిన్నే ఫ్లాస్కూ తీసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

మేమిద్దరం తుమ్మల కింద కూర్చున్నాం. ఈల వినబడింది. రాజారావు మెడ చాపాడు. పొగమంచులో ఒక తల లేచింది, బండ వైపు కొంచెం దూరం వచ్చింది, ముక్కు ఎత్తి వాసన చూసింది. ఆ తర్వాత నీళ్ళు కదిలాయి, తల లేదు. ఎండ ఎక్కేదాకా కూర్చున్నా మళ్ళీ ఏదీ రాలేదు.

"ఏందో కదిలింది మేడం, నేను కాదన. పెద్ద చేపేమో" అని లేచాడు రాజారావు. పాపం, అతని తప్పేముంది? నేను కూడా లేచి ఇంటికొచ్చాను. మా ఆయన ఏదో అడిగితే ఆయన మీద కూడా పడ్డాను.

ఆదివారం తెల్లవారుజామున వెళ్ళడం దేనికో నాకే తెలీదు. కడసారి చూపు అనుకున్నానేమో. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, పోయేముందు ఒకసారి బాగా కరుస్తుంది. శాలువా కప్పుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. పక్కన ఇందిరమ్మ కూర్చునే బండ ఖాళీగా ఉంది. అటు చూడలేకపోయాను. ఇన్నాళ్ళూ నిశ్శబ్దం కావాలి, నిశ్శబ్దం కావాలి అని ఆవిడ నోరు మూయించానా? ఇప్పుడు కావలసినంత నిశ్శబ్దం.

ఈల వినబడింది. ఈసారి చిన్నగా కాదు, ఒకదాన్ని ఒకటి పిలుచుకుంటున్నట్టు వరసగా. పెద్ద మగది బండెక్కింది. ముగ్గుని ఒక చివరనుంచి ఇంకో చివరకి వాసన చూసింది. దాని గుర్తులన్నీ మాయం! తన ఇంటికి ఎవరో వచ్చి సామాను బయట పడేసినట్టు అటూ ఇటూ గిరగిరా తిరిగి, గట్టిగా ఒక అరుపు అరిచింది. అంతే, కుటుంబమంతా బండమీదికి ఎక్కేసింది. చివరికి గుండ్ల సందులోంచి తల్లి వచ్చింది. దాని వెనక, తడబడే కాళ్ళతో, బూడిదరంగు పిల్లలు మూడు. అన్నీ కలిసి ఆ పద్మం మీద నిలబడి, తోకలెత్తి, తొక్కుకుంటూ తొక్కుకుంటూ పోగొట్టుకున్న గుర్తులన్నీ మళ్ళీ పెట్టేశాయి. ఒక పిల్ల తెల్లటి రేకుని నాకి చూసి, తుమ్మింది.

నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను, కళ్ళు మసకబారుతూనే ఉన్నాయి. "అగో" అనడానికి ఎవరూ లేరు. ఆ పిల్ల తుమ్మినప్పుడు నవ్వుకోవడానికి పక్కకి తిరిగాను కూడా. ఖాళీ బండ.

అవి వెళ్ళాక కెమెరాలో చూసుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎర్రటి జాజు, తెల్లటి పద్మం, దానిమీద ముగ్గురు పిల్లలతో నీటికుక్కల సంసారం. కంప్యూటర్ చేసిన పులే దీనికంటే నిజంలా ఉంటుంది. రాజారావుకి చూపిస్తే నవ్వుతాడు. పనికిరాదు అనుకున్నాను. అయినా కారు దానంతటదే ఇందిరమ్మ గేటు ముందు ఆగింది. ఆ ఫోటోని ఒక్కదాన్నే చూడలేను, అదీ సంగతి.

పొద్దెక్కినా ఇందిరమ్మ గేటు ముందు ఇంకా ముగ్గు వేస్తోంది. తల ఎత్తలేదు.

"రాండ్రి మేడం. కుర్సీ ఎయ్యమంటరా?"

'రాండ్రి' అంది. నేనన్న 'మీరు' ఎంత కాల్చిందో అప్పుడు తెలిసింది. నేల మీద, ఆవిడ పక్కనే కూర్చున్నాను. చీరకి పేడనీళ్ళు అంటాయి. అంటనీ.

"తప్పు నాది ఇందిరా. ఆ బండ వాటికి గడప. ఎవరున్నారు, ఎవరొచ్చారు, ఈ కుంట ఎవరిది, అన్నీ వాసనతో పెట్టుకునే గుర్తులు అవి. గలీజు కాదు. ఊళ్ళో పిల్లలందరికీ పాఠం చెప్పాను గానీ, రోజూ పక్కన కూర్చుని అడిగినదానికి ఒక్క ముక్క చెప్పలేదు. నోరు మూసుకోమన్నాను. చెప్పుంటే నువ్వు దాన్ని ముట్టుకునేదానివా?"

ఆవిడ ముగ్గు ఆపలేదు. "ముట్టకపోదును" అంది చివరికి. "గడప అని చెప్తే మొక్కి వద్దును." ఒక గీత గీసి, "రాలేదంట గదా నిన్న. ఇగ రావా?" అంది.

కెమెరా చేతికిచ్చాను. చెయ్యి చెంగుకి తుడుచుకుని, చిన్న తెరని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి, పిల్లల్ని లెక్కపెడుతోంది.

"వామ్మో! నా ముగ్గు మీద, నా కండ్ల ముందట... గింతన్న షరం లేదు గీటికి!" అంది. నవ్వుతోంది, ఏడుస్తోంది. "గీ చిన్నది జూడు, ఎట్ల తొక్కుతాందో. మస్తున్నయక్కా." అక్కా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బాగుంది గానీ ఏం లాభం? ముగ్గు మీద నీటికుక్కలంటే ఎవరు నమ్ముతారు?"

ఇందిరమ్మ వినడం లేదు. కనుబొమలు ముడిచి ఒక మూలకి వేలు పెట్టి చూపించింది. "గిది పెద్దగ జెయ్యి." పెద్దది చేశాను. తల్లి కాలి పక్కన, చెరిగిన రేకు. "గిది గా సారు తొక్కిందే గదా! దిద్దుదామనుకున్న. నువ్వు తిట్టినవని కోపానికి గట్లనే ఇడిసిపెట్టి వచ్చిన. నా జిందగీల చెడిపోయిన ముగ్గు ఇడిసిపెట్టుడు గిదే మొదలు."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఫోన్ గొట్టు" అంది.

ఫోటో పంపి, రాజారావుకి ఫోన్ చేశాను. నేను ఒక్క మాట అనేలోపు ఇందిరమ్మ స్పీకరు నొక్కి ఫోను లాక్కుంది. "సారూ, నిన్న పొద్దుగాల నా ముగ్గు తొక్కినవ్ యాదికున్నదా? నీ బూటు అచ్చు పక్కన ఎవలున్నరో జూడు." "ఆగమ్మా, జూస్త" అన్నాడు. పెద్దది చేసి చూసుకుంటున్నాడు. కాసేపటికి నవ్వు వినబడింది.

"మడమ కాడ అరిగింది, నా బూటే. నేను తొక్కినంక వచ్చినయన్నట్టు. గీ ముగ్గు, గీ అచ్చు యే కంప్యూటర్‌కు తెలుస్తది?" మళ్ళీ ఫోటో చూసినట్టున్నాడు. "పిల్లలు మూడు కదా మేడం?"

"మూడు" అన్నాం ఇద్దరం.

సోమవారం మిషను దిగింది. దానికంటే ముందు రాజారావు వచ్చి తుమ్మల దగ్గర సున్నంతో అడ్డంగా గీత గీయించాడు. దారి అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్ళింది. ఆ గీత వంకరగా ఉందని ఇందిరమ్మ అతన్ని మందలించిందనుకోండి.

శివరాత్రి వెళ్ళింది. పద్మం ఇప్పుడు కనబడదు, దానిమీద పొలుసులూ డొప్పలూ ఎంత పేరుకున్నాయో చెప్పలేను. ఇందిరమ్మ ఇంటి ముందు సాన్పి ముగించుకుని, వట్టి చేతులతో వచ్చి నా పక్కన కూర్చుంటుంది. బండ వంక చూస్తుంది, చెంగు ముక్కుకి పెట్టుకుంటుంది. "చేతులు గుంజుతున్నయక్కా" అంటుంది. ఇప్పుడు నేను నోరు మూసుకోమనను. ఈల వినబడేదాకా ఆవిడ చెయ్యి ఒకటి నా చేతిలో పట్టుకుని కూర్చుంటాను. ఫోటోలు ఊగితే ఊగనీ.